అంగీలు విప్పిన రొయ్యలు

నా నోరు మంచిది కాదని లాల్‌గడి మలక్‌పేట్‌లో ఎవర్నడిగినా చెబుతారు. మా అత్త అడగకపోయినా చెబుతుంది. నోరు మంచిది కాకపోతేనేం, నా చేతులు మంచివి. వేలి గోరంత కూడా లేని ఎర్ర రొయ్యల్ని అద్దాల తొట్టిలో పెంచి, పిల్లలు పెట్టించి, పేట్ బషీరాబాద్‌లో రంగుచేపల దుకాణానికి ఇచ్చే ఆడమనిషి ఈ చుట్టుపక్కల నేను కాక ఇంకెవరైనా ఉంటే చూపించమనండి.

"తినేటందుకు పనికిరావు, సూసేటందుకు కండ్లకు ఆనవు. గీటిని ఎందుకు సాదుతున్నవే దీపా?" అని అత్త రోజూ సణిగేది.

"నిన్ను సాదుతలేనా అత్తమ్మా? గీటిని గూడ గట్లనే," అనేదాన్ని నేను. ఇద్దరం మూతులు ముడుచుకునేవాళ్ళం. కాసేపటికి ఆమే చాయ్ పెట్టి ఇచ్చేది.

ముందుగదిలో కిటికీ పక్కన నావి రెండు తొట్లు. పెద్దదాంట్లో రొయ్యల మంద. చిన్నదాంట్లో గుడ్లు మోసే తల్లి ఒక్కటే, దాని మొదటి కాన్పు పిల్లలతో. ఆ పిల్లలు నలుసుల్లా ఉంటాయి, అలవాటు లేని కంటికి కనిపించవు. తల్లి మాత్రం మందారం రంగులో, కడుపు కింద గుడ్లు పెట్టుకుని, వాటికి కాళ్ళతో గాలి విసురుతూ నాచు మీద కూర్చునేది. దాన్ని చూస్తూ గంటలు గంటలు గడిపేది మా ఆడబిడ్డ సుస్మిత.

సుస్మిత కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండుతున్నాయి. ఇది రెండో కడుపు. మొదటిది అయిదో నెలలో పోయింది. ఎవరిదో పెళ్ళికని గుంతల రోడ్డు మీద ఆటోలో తీసుకెళ్ళారు, తిరిగొచ్చిన మర్నాడే పోయింది. ఆటో కుదుపులకే పోయిందని అత్త నమ్మకం. డాక్టరు కాదన్నా ఆమె మనసు మారలేదు. అందుకని ఈసారి పిల్లను గడప దాటనివ్వడం లేదు. ఇంట్లో ఎవరైనా గట్టిగా దగ్గినా సుస్మిత కడుపు మీద చెయ్యి వేసుకునేది. లోపల కదిలిందా లేదా అని చూసుకుని గానీ చెయ్యి తీసేది కాదు.

"వదినే, ముందుగాల అది కంటదా, నేను కంటనా?" అని చిన్నతొట్టి ముందు కూర్చుని నాతో పందెం కట్టేది.

"అదే కంటది. నువ్వు బద్దకపుదానివి."

వచ్చిన కొత్తలో ఒకసారి గావుకేక పెట్టింది. తొట్టి అడుగున రొయ్య చచ్చిపడి ఉందట. వెళ్ళి చూస్తే అది వట్టి పొలుసు. రొయ్య పెరిగినప్పుడల్లా మీది తొడుగు ఇరుకైపోతుంది. దాన్ని మీసాలతో, కాళ్ళతో సహా విప్పేసి బయటికొస్తుంది. విప్పింది అచ్చం రొయ్యలాగే పడి ఉంటుంది. "అంగి ఇరుకైతే విప్పరా? సచ్చిందని ఒర్రుతున్నవ్! ఇంకోసారి గిట్ల ఒర్రితే చూడు," అని నేను బాగా తిట్టాను. అప్పట్నుంచి అది మా ఇంట్లో మాట అయిపోయింది. పొలుసు కనిపిస్తే చాలు, "వదినే, ఒకరు అంగి విప్పిండ్రు" అనేది సుస్మిత, పెద్ద తెలిసినదానిలా.

ఆ రోజు నేను రొయ్య పిల్లల్ని డబ్బాలో పెట్టుకుని పొద్దున్నే దుకాణానికి పోయాను. తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తి దాటింది. సుస్మిత ముందుగదిలో చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. ముఖం పాలిపోయింది. నన్ను చూసి నవ్వింది.

"వదినే, ఇయ్యాల నీ రొయ్యలకు పండుగ. అందరు ఒక్కపారే అంగీలు విప్పిండ్రు."

నేను కూడా నవ్వబోయాను. చెప్పులు విప్పుతున్నదాన్ని అలాగే ఆగిపోయాను. అందరూ ఒక్కసారే విప్పరు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ విప్పలేదు.

పెద్దతొట్టి దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. విప్పిన పొలుసైతే గాజులాగా ఉంటుంది, దాంట్లోంచి అవతలి రాయి కనిపిస్తుంది. అడుగున పడి ఉన్నవి అలా లేవు. పాలు కలిసిన గులాబీ రంగుకి తిరిగి, వెల్లకిలా ఉన్నాయి. బతికున్నవి ఇంకా ఘోరంగా ఉన్నాయి. రొయ్య ఎప్పుడూ తీరిగ్గా చిన్న చిన్న చేతులతో ఏరుకుని తింటూ ఉంటుంది. ఇవి పిచ్చెక్కినట్టు పైకీ కిందికీ దూసుకుపోతున్నాయి. అద్దానికి కొట్టుకుని, తిరగబడి, కాళ్ళు వణికిస్తూ అడుక్కి జారుతున్నాయి.

నా కడుపు మండిపోయింది. "ఏం జేసినవే! తొట్టిల చెయ్యి పెట్టినవా? దోమల మందు పూసుకున్న చెయ్యేనా?"

"లేదు వదినే! నీళ్లు తగ్గినయని చెంబుతోని పోసిన. గంతే. నువ్వు పోసినట్లే మెల్లగ పోసిన."

"చిన్నదాంట్ల పోసినవా?"

"దాన్ని ముట్టద్దన్నవ్ గద. ముట్టలే."

చిన్నతొట్టిలో తల్లి హాయిగా నాచు మీద కూర్చుని గుడ్లకి విసురుకుంటోంది. అదే గది, అదే గాలి. ఎవరో అగరొత్తులు కాల్చినా, మందు కొట్టినా రెండింటికీ తగలాలి. తేడా అంతా ఆ ఒక్క చెంబు నీళ్ళలోనే ఉంది.

"ఏ నీళ్లు పోసినవే?" అన్నాను. ఈసారి గొంతు పైకి లేవలేదు.

"బిందెల నీళ్లే. మనం తాగేటియే."

వంటింట్లోకి పరుగెత్తాను. బిందె సగానికి దిగిపోయి ఉంది. దోసిట్లోకి తీసుకుని వాసన చూశాను. ఏమీ లేదు. తేటగా, చల్లగా ఉన్నాయి. అలా ఉండటం చూసి నాకు ఇంకా భయమేసింది.

"అత్తమ్మా, గీ నీళ్లు ఎప్పుడు పట్టినవ్?"

"పొద్దుగాల. నువ్వు పోయినంక కరెంటు పోయింది. మల్ల రాంగనే మోటరేసి, బోరుకు ఇంటి దిక్కున్న పైపు కాడ్నే పట్టుకొచ్చిన. ఏమైందే?"

"ఎవరెవరు తాగిండ్రు?"

"నేనొక గుక్క తాగిన, చాయ్‌ల వోసిన. మిగిలినయన్ని పిల్లకే. డాక్టరమ్మ నీళ్లు మస్తు తాగుమన్నదిగద. గంజి గూడ గా నీళ్లతోనే కాసిన."

మా ఇంటికి నల్లా ఉంది. అయినా అత్తకు నల్లా నీళ్ళు పడవు. మా బోరు నీళ్ళంత తియ్యని నీళ్ళు శామీర్‌పేట మండలంలోనే లేవంటుంది. మామూలుగా ఆ మాటకి నేనొకటి అనేదాన్ని. ఆ రోజు బిందెను పక్కకి జరిపాను. ముందుగదిలో సుస్మిత వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"కక్కుతున్నదా? ఎప్పటిసంది?"

"పగటిపూటసంది. కడుపుతోని ఉన్నదానికి కక్కులు రావా ఏంది? నువ్వెందుకు గంత పరేషాన్ అయితున్నవ్?"

"అత్తమ్మా, నీళ్లల్ల ఏమో కలిసింది. రొయ్యలన్ని సస్తున్నయి. సుస్మితను దావఖానకు తీస్కపోవాలె. ఇప్పుడే."

అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "రొయ్యలు సస్తే పిల్లను దావఖానకా? నీకు దిమాక్ ఉన్నదా? నెలలు నిండిన పిల్లను, గా రోడ్డు మీద కుదిపిచ్చుకుంట! పోయినసారి సరిపోలేదా?" చివరి మాట దగ్గర ఆమె గొంతు వణికింది. కోపంతో వణికిందనుకున్నాను ముందు. భయం. ఆమెదీ భయమే.

సుస్మిత గోడ పట్టుకుని లేచి నిలబడింది. "నేను యాడికి పోను వదినే. బుగులైతాంది. బండెక్కను."

ఇద్దర్నీ ఈడ్చుకుపోలేను. నా మాట మీద వాళ్ళు లేవరు. నాకు రొయ్యల పిచ్చి అని ఊరంతా అనుకుంటారు, ఇంట్లోనూ అదే అనుకుంటారు. నమ్మాలంటే కళ్ళతో చూడాలి. పెద్దతొట్టిలోవి అప్పటికే ఆ నీళ్ళు తాగినవి, వాటితో ఏం రుజువవుతుంది? చిన్నతొట్టిలో నలుసు పిల్లలు అత్త కళ్ళకి ఆనవు. ఇక మిగిలింది ఒక్కటే.

గాజు గ్లాసుతో బిందె నీళ్ళు ముంచి తెచ్చి కిటికీలో పెట్టాను. రొయ్యల్ని తీసే చిన్న వల, జాలి, తీసుకుని చిన్నతొట్టి దగ్గరికి వెళ్ళాను.

"వదినే, వద్దు! గది తల్లి!" సుస్మిత నా చెయ్యి పట్టుకుంది.

"వదులు."

"కాల్మొక్త వదినే, గుడ్లున్నయి దానికి..."

"వదులవే!" అని అరిచాను. అరిచింది దాని మీద కాదు. నా ఏడుపు బయటికి రాకుండా అరిచాను. ఏ ఎరుపు ఏ ఎరుపుతో కలిస్తే ఆ రంగొస్తుందో చూసుకుంటూ, లేత రంగువాటిని పక్కకి తీస్తూ, ఎన్ని తరాలు పెంచితే వచ్చిన తల్లి అది! దాన్ని జాలిలోకి తీసి గ్లాసులో వదిలాను.

మొదట ఏమీ కాలేదు. అడుక్కి దిగి, గ్లాసు అంచుని చేతులతో తడుముకుంది. "సూసినవా," అంది అత్త. ఆ మాట పూర్తయ్యేలోపే తల్లి ఒక్కసారి వెనక్కి ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. గ్లాసంతా గిర్రున తిరిగింది. కడుపు కింది గుడ్లు ఒక్కొక్కటే ఊడి నీళ్ళలో పడ్డాయి. అది వాటి మధ్యే వెల్లకిలా పడి, కాళ్ళు కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఆగిపోయింది.

అత్త చటుక్కున కూతురి కళ్ళు మూసింది. ఆలస్యమైపోయింది, సుస్మిత అంతా చూసింది.

"ఓ జంగయ్యా!" అని అత్త పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "కారు తియ్యి! జల్దీ తియ్యి కారు!"

పక్కింటి జంగయ్య అద్దెకు కారు తిప్పుతాడు. ఆ కేకకి అతనూ వచ్చాడు, ఇంటి వెనక వంకాయ తోటలో ఉన్న నా మొగుడు పరమేష్ కూడా పరుగెత్తుకొచ్చాడు. చేతులకి మట్టి, మెడలో తువ్వాల.

"పొద్దుగాల తోటకు మందు కలిపినవా?" అని అడిగాను.

"కలిపిన. ఎందుకు?"

"డ్రమ్ముకు నీళ్లెట్ల వట్టినవ్?"

"ఎప్పటిలెక్కనే. మందు వోసి, బోరు పైపు డ్రమ్ముల ముంచి మోటరేసిన. గింతల కరెంటు పోయింది. చాయ్ తాగొద్దామని పోయిన. వచ్చి సూస్తే డ్రమ్ము సగమే ఉన్నది. యాడనో కారిందనుకున్న, మల్ల నింపుకున్న..."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. మా బోరులో నీళ్ళని ఆపే వాల్వు ఎప్పుడో పాడైంది. మోటారు ఆగగానే పైపులో ఉన్న నీళ్ళన్నీ గుడగుడమంటూ వెనక్కి బోరులోకి దిగిపోతాయి. ఆ చప్పుడు మేం రోజూ వింటాం. డ్రమ్ములో మునిగి ఉన్న పైపు మందు నీళ్ళని కూడా తనతో లాక్కుపోయింది. కరెంటు రాగానే బోరులోంచి పైకి వచ్చిన మొదటి నీళ్ళని అత్త బిందెకు పట్టింది.

పరమేష్ గ్లాసు వైపు చూశాడు. చెల్లెలి వైపు చూశాడు. అక్కడే గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు.

"కూసోకు!" అన్నాను. "గా మందు డబ్బా తే. డాక్టరు అడుగుతడు. ఉర్కు!"

కారులో సుస్మిత తల నా ఒళ్ళో ఉంది. అవతలి పక్క అత్త కూతురి కాళ్ళని రెండు చేతులతో పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా తనే పైకి లేపుతోంది. ముందు సీట్లో పరమేష్ మందు డబ్బాని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. శామీర్‌పేట చెరువు ఎండకి మెరుస్తూ పక్కనుంచి పోయింది. కట్ట మీద ఎవరో ఫొటోలు దిగుతున్నారు. వాళ్ళని చూస్తే ఎందుకో నాకు ఒళ్ళు మండింది.

"వదినే," అంది సుస్మిత మెల్లగా. "కదులుతలేదు."

"పండుకున్నదేమో."

"ఎప్పటిసందో కదులుతలేదు. నువ్వు రాకముందుసంది. కక్కులల్ల పడి సూసుకోలే." నా చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంది. "నేను పొద్దుగాలనే సూసిన వదినే, అండ్ల పడున్నయి. అంగీలే అనుకున్న. నువ్వు తిడుతవని అమ్మకు గూడ చెప్పలే. సూసుకుంటనే నీళ్లు తాగిన."

  దాని కడుపు మీద నా చెయ్యి అలాగే ఉంచాను. కారు కుదుపులు తప్ప ఇంకేమీ తెలియడం లేదు. ఏదో ఒకటి తన్నమ్మా, ఒక్కసారి తన్ను, అని లోపల లోపలే బతిమాలుకున్నాను. మేడ్చల్ వచ్చేదాకా అది కదల్లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ డబ్బా మీది పేరు చదివి, ఎంత తాగిందని అడిగింది. అత్త చేతులతో చెంబులు చూపించింది. సుస్మిత కళ్ళలోకి లైటు వేసి చూశారు, చేతికి సెలైన్ పెట్టారు. తర్వాత కడుపు మీద జిగురు రాసి, ఒక చిన్న యంత్రాన్ని ఆనించి అటూ ఇటూ జరిపింది డాక్టరమ్మ. గరగరమంటూ చప్పుడు వచ్చింది, అంతే. ఇంకో పక్కకి జరిపింది. అదే గరగర. సుస్మిత పైకప్పు చూస్తోంది, రెప్ప వేయడం లేదు. అత్త నా భుజం పట్టుకుంది, గోళ్ళు దిగాయి. 

అప్పుడు వినిపించింది. టకటక, టకటక, టకటక. చాలా వేగంగా, చాలా చిన్నగా.

"ఉంది," అంది డాక్టరమ్మ. "గుండె బాగానే కొట్టుకుంటోంది."

అత్త నేల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"రొయ్యలకు తగిలేంత విషం మనకు తగలకపోవచ్చు," అంది డాక్టరమ్మ. "నీళ్ళలో బాగా పలచబడి ఉంటుంది. కానీ ఎంత కలిసిందో మనకి తెలీదు. తాగుతూ పోతే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఇక్కడే ఉంచండి, కాన్పు దాకా చూసుకుందాం." అత్తనీ పరమేష్‌నీ కూడా పరీక్ష చేసింది.

కాన్పు అయ్యేదాకా మాకు భయం తీరలేదు. పాప పుట్టి ఏడ్చింది. అత్త ఆ పిల్ల వేళ్ళూ కాళ్ళూ మళ్ళీ మళ్ళీ చూసింది. పరమేష్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "ఎత్తుకో అన్నా," అని సుస్మిత అందించబోతే, చేతులు వెనక్కి పెట్టుకుని బయటికి పోయాడు.

ఇంట్లో పెద్దతొట్టి ఖాళీ అయింది. చిన్నతొట్టిలో తల్లి లేని పిల్లలు మిగిలాయి. వాటిని దుకాణం నుంచి తెచ్చిన నీళ్ళతో కాపాడాను. పరమేష్ బోరుకి కొత్త వాల్వు వేయించాడు. రోజూ మోటారు వేసి నీళ్ళన్నీ బయటి బంజరులోకి వదిలేశాడు, వారాల తరబడి. ఎండిన తోట వైపు చూడను కూడా చూడలేదు. పట్నంలో ఎక్కడో నీళ్ళ పరీక్ష చేయించి, బాగున్నాయని కాయితం కూడా తెచ్చాడు. అత్త ఆ కాయితాన్ని పట్టించుకోలేదు. "కాయితం నీళ్లు తాగుతదా?" అంది. మేం నల్లా నీళ్ళే తాగాం, నల్లా నీళ్ళే పాపకి పోశాం.

ఎండలు ముదిరాక నల్లా ఆగిపోయింది. మొదటి రోజు డబ్బా నీళ్ళు కొన్నాం. రెండో రోజు అవీ దొరకలేదు. పాపకి చెమటకాయలు లేచి ఒకటే ఏడుపు, స్నానం చేయించక తప్పదు. బోరు నీళ్ళు తప్ప దారి లేదు.

"ఆగుండ్రి. ముందుగాల రొయ్యను అడుగుండ్రి," అంది అత్త.

నా రొయ్యల్ని వెక్కిరించిన నోటితోనే అంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. అప్పటికి పిల్లలు కాస్త ఎదిగి బియ్యపు గింజంత అయ్యాయి. వాటిలోంచి ఒకదాన్ని తీయడానికి జాలి ఎన్నిసార్లు ముంచానో, ఎన్నిసార్లు ఖాళీగా తీశానో! చివరికి ఎర్రగా, తల్లి పోలికతో ఉన్నదే వచ్చింది. బోరు నీళ్ళ గ్లాసులో వదిలి, చిన్న ఆకుముక్క వేసి కిటికీలో పెట్టాను. అవతల గంగాళంలో అవే నీళ్ళు కాగుతున్నాయి.

అత్త పీట వేసుకుని, కాళ్ళు చాపి, పాపను ఒళ్ళో వేసుకుని నూనె రాసింది. సుస్మిత గంగాళం దగ్గర చెంబు పట్టుకుని నిలబడింది. అత్త మెడ చాచి కిటికీ వైపు చూసింది. ఒక్కసారిగా కేక పెట్టింది.

"సచ్చింది! అవ్వో, సచ్చిందే!"

చెంబు సుస్మిత చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. గ్లాసు అడుగున రొయ్య పక్కకి ఒరిగి పడి ఉంది. సుస్మిత వచ్చి పాపను లాక్కుని గుండెకి అదుముకుంది.

"అంగి కావచ్చేమో..." అని నోట్లోనే గొణిగి, గభాల్న ఆపేసింది. "నేను చెప్ప వదినే. మల్ల నేను చెప్ప. నువ్వే సూడు."

నాకూ చూడాలని లేదు. గ్లాసు వెలుతురులోకి ఎత్తాను. అడుగున పడి ఉన్నదాంట్లోంచి కిటికీ చువ్వ కనిపించింది. ఆకుముక్క కింద, కొత్త ఎరుపుతో, మీసాలు ఊపుకుంటూ, తీరిగ్గా ఆకు గీరుకుని తింటోంది అది.

"అంగే," అన్నాను. గ్లాసు వాళ్ళ వైపు తిప్పాను. మళ్ళీ అన్నాను, "అంగే విప్పింది."

అత్త ఏడుస్తూ నవ్వింది. సుస్మిత పాప తల మీద ముద్దులు పెట్టింది. చెంబు తీసి కొంగుతో తుడిచి గంగాళం పక్కన పెట్టాను. ఆ తర్వాత ఎవరమూ కదల్లేదు. "ముంచు మరి," అంది అత్త నాతో. "నువ్వే ముంచు," అన్నాను నేను. సుస్మిత పాపను మళ్ళీ అత్త ఒళ్ళోకి ఇవ్వలేదు. పాప ఏడుస్తూనే ఉంది.

గుమ్మంలో ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, పరమేష్ లోపలికి వచ్చాడు.  బోరు పైపు దగ్గర అప్పుడే పట్టిన బిందెలో చెంబు ముంచి, ఎత్తి, ఆపకుండా మొత్తం తాగేశాడు. మూతి తుడుచుకుని గచ్చు మీద కూర్చున్నాడు.

కిటికీలో గ్లాసుని అలాగే వదిలేసి మేం ముగ్గురం అతని ముఖమే చూస్తూ ఉండిపోయాం.